జంక్ మెయిల్ ఫిల్టర్ కొనబోయే చిత్తూరు, తిరుపతి ఆఫీసులకు ఒక హెచ్చరిక

మాది చిత్తూరు పక్కన మామిడి గుజ్జు తయారుచేసే చిన్న ఫ్యాక్టరీ. తోతాపురి కాయ దిగే ఆ కొద్ది వారాల మీదే మా ఏడాది బతుకంతా. సరిగ్గా ఆ వారాల్లోనే దుబాయి వ్యాపారి పంపిన ఆర్డరు మాకు చేరలేదు. చెత్త మెయిళ్లు ఆపుతామని ఏడాదికి 46 వేలు ముందే పుచ్చుకున్న సంస్థే దాన్ని అట్టే పెట్టుకుని, గడువు తీరాక చెరిపేసింది. ఆ సంస్థ పేరు రాయడం లేదు. చేసిన పని రాస్తాను, మీ గుమ్మం ఎక్కినవాళ్లను మీరే పోల్చుకోండి.

మా మెయిల్ మైక్రోసాఫ్ట్ 365లో ఉంది. అందులోనే ఫిల్టర్ ఉంటుందని, మాకు కావలసింది దాన్ని సరిచేసే మనిషేనని అప్పటికి తెలియదు. వచ్చిన కుర్రాడు "డొమైన్ పాస్‌వర్డు ఇవ్వండి సార్, అరగంటలో అయిపోతుంది" అన్నాడు. డొమైన్ అంటే మెయిల్ చిరునామాలో @ తర్వాత వచ్చే మా పేరు. దాని పాస్‌వర్డు ఇచ్చింది నేనే. అందుకే ఇది రాయడం కూడా నా వంతే అయింది.

నిజంగానే అరగంట పట్టింది. మాకు వచ్చే మెయిల్ ఏ సర్వరుకు చేరాలో చెప్పే ఎంఎక్స్ రికార్డు మార్చి, మెయిళ్లన్నీ ముందు వాళ్ల సర్వరుకు వెళ్లి అక్కడి నుంచి మాకు వచ్చేలా చేశారు. మర్నాటి నుంచే బ్యాంకు మెయిళ్లు, చెన్నై షిప్పింగ్ ఏజెంటు మెయిళ్లు జంక్ ఫోల్డరులో పడసాగాయి. ఎందుకో చాలా రోజుల తర్వాత మెయిలు ఏ దారిన వచ్చిందో చూపే హెడర్ తెరిచి చూస్తేగాని అర్థం కాలేదు. ఒక డొమైన్ తరఫున ఏయే సర్వర్లు మెయిల్ పంపవచ్చో చెప్పే జాబితాను ఎస్‌పీఎఫ్ అంటారు. ఇప్పుడు మైక్రోసాఫ్ట్‌కు ప్రతి మెయిలూ ఈ మధ్యవర్తి సర్వరు నుంచే వస్తున్నట్టు కనబడుతోంది. ఆ సర్వరు బ్యాంకు జాబితాలో ఎందుకుంటుంది? బ్యాంకు మెయిలుకైనా, లాటరీ మెయిలుకైనా 'ఎస్‌పీఎఫ్ ఫెయిల్' అనే ఒకే ముద్ర. మధ్యవర్తిని పక్కన పెట్టి అసలు పంపిన సర్వరును చూడమని చెప్పే అమరిక మైక్రోసాఫ్ట్ మెయిల్ నడిపే ఎక్స్ఛేంజ్‌లోనే ఉంది. ఎన్‌హాన్స్‌డ్ ఫిల్టరింగ్ దాని పేరు.

ఫిర్యాదు చేస్తే వాళ్లు అది పెట్టలేదు. వచ్చే ప్రతి మెయిలుకూ ఎస్‌సీఎల్ అనే, చెత్త అనుమానాన్ని కొలిచే అంకెను మైనస్ 1గా వేసే రూలు పెట్టారు. అంటే మైక్రోసాఫ్ట్ స్పామ్ తనిఖీ ఇక జరగదు. కుక్క చుట్టాలను చూసి మొరుగుతోందంటే కుక్కనే తోలేశారన్నమాట. పైగా మైక్రోసాఫ్ట్ ఇచ్చిన పాత నేరుదారి తెరిచే ఉంది. ఫిల్టర్ సంస్థ సర్వరు నుంచి తప్ప మరెక్కడి నుంచీ మెయిల్ తీసుకోవద్దని కనెక్టరులో, అంటే మెయిల్ ఎక్కడి నుంచి తీసుకోవాలో చెప్పే అమరికలో, పెట్టనే లేదు. ఆ దారిన వచ్చిన మోసగాడికి అక్కడా తనిఖీ లేదు, ఇక్కడా లేదు. వారం తిరగకుండానే, డ్రమ్ములు సరఫరా చేసేవారి పేరుతో 'మా బ్యాంకు ఖాతా మారింది' అని మెయిలు వచ్చింది. చిరునామాలో ఒక్క అక్షరమే తేడా. మా అకౌంట్స్ అమ్మాయికి అనుమానం వచ్చి పాత నంబరుకు ఫోను చేసి అడిగింది కాబట్టి 3 లక్షలు దక్కాయి.

ఇక దుబాయి ఆర్డరు సంగతి. విదేశాల మెయిళ్లను ఆపే అమరిక ఒకటి మాకు చెప్పకుండా పెట్టారు, అదీ ఎగుమతుల మీద బతికే ఫ్యాక్టరీకి. మెయిలును తిరస్కరించి ఉంటే పంపినాయనకు తిరుగుటపా వెళ్లేది, ఆయన ఫోను చేసేవారు. అనుమానపు మెయిళ్లను విడిగా ఆపి ఉంచే క్వారంటైన్‌లో పెడితే ఇద్దరికీ తెలియదు. ఆయన మేం జవాబివ్వలేదనుకున్నారు, మేం ఆయన అడగలేదనుకున్నాం. ఆ క్వారంటైన్ తాళం వాళ్ల దగ్గరే. అందులో మెయిలు 14 రోజులే ఉంటుందట. మేం అడిగింది 19వ రోజున.

కొనేముందు ఆ క్వారంటైన్‌ను మీరే తెరిచి చూడగలరా, ఆపిన మెయిళ్ల జాబితా రోజూ పంపుతారా, ఎన్నాళ్లు ఉంచుతారు అని అడిగి కాగితం మీద రాయించుకోండి. తడబడితే కాఫీ ఇచ్చి పంపేయండి. ఏడాది సొమ్ము ఒకేసారి కట్టకండి. అన్నిటికన్నా ముఖ్యం, డొమైన్ పాస్‌వర్డు ఎవరికీ ఇవ్వకండి. మార్చవలసిన రికార్డేదో చెప్పమని, పక్కన కూర్చోబెట్టుకుని మీ చేత్తో మార్చండి. మేం వద్దనుకుని వదిలేద్దామంటే, రికవరీ ఫోను నంబరు కూడా వాళ్లదే పెట్టుకున్నారని తేలింది. ఎంఎక్స్ మళ్లీ మా చేతికి రావడానికి మూడు వారాలు పట్టింది.

మిగిలిన ఏడు నెలల సొమ్ము అడిగితే 'మెయిల్ పెట్టండి, చూస్తాం' అన్నారు. నాలుగు పెట్టాను. వాళ్ల ఫిల్టరులో ఆగిపోయాయేమో, జవాబు లేదు.