ఎన్‌ఎంఎంఎస్ ఉపకార వేతనం: అండ మంచిదే, గండి ఇంటర్ దగ్గర

పేద పిల్లలు ఎనిమిదో తరగతితో చదువు మానేయకూడదన్న ఉద్దేశంతో కేంద్ర ప్రభుత్వం 2008లో ప్రారంభించిన ఈ నేషనల్ మీన్స్-కమ్-మెరిట్ స్కాలర్‌షిప్ (ఎన్‌ఎంఎంఎస్) పథకం, ప్రభుత్వ, స్థానిక సంస్థల, ఎయిడెడ్ బడుల విద్యార్థులకు నిజంగా అక్కరకు వస్తోంది. కుటుంబ వార్షికాదాయం రూ.3.5 లక్షలు మించని పిల్లలు పరీక్షలో ఎంపికైతే, తొమ్మిదో తరగతి నుంచి ఇంటర్ పూర్తయ్యే దాకా ఏటా రూ.12,000 నేరుగా వారి బ్యాంకు ఖాతాలోనే జమవుతుంది.

డబ్బుకన్నా ఆ పరీక్షే ఎక్కువ మేలు చేస్తుందని నా అభిప్రాయం. పాఠ్యాంశాలపై 90 ప్రశ్నలతో పాటు మేధాశక్తిపై మరో 90 ఉంటాయి; సంఖ్యా శ్రేణిలో తప్పిపోయిన అంకెను పట్టుకోవడం, ఓఎంఆర్ పత్రంలో తొందరపడకుండా వృత్తాలు దిద్దడం ఎనిమిదిలోనే అలవడితే, పాలిసెట్ నాటికి పిల్లలకు బెరుకు పోతుంది.

లోపాలూ చిన్నవి కావు. ఆధార్‌లో ఇంటిపేరు పూర్తిగా ఉండి, బడి రికార్డులో పొడి అక్షరంగా ఉంటే దరఖాస్తుకు చిక్కు తప్పదు. పైగా ఏటా జాతీయ స్కాలర్‌షిప్ పోర్టల్‌లో రెన్యువల్ చేసుకోవాలి. అన్నింటికన్నా బాధించేది, పది తర్వాత ప్రైవేటు జూనియర్ కళాశాలలో చేరిన విద్యార్థికి ఈ సాయం ఆగిపోవడం. మన రెండు రాష్ట్రాల్లో ఎందరో చేరేది అక్కడే కాబట్టి, ఈ నిబంధనను చేరికకు ముందే తల్లిదండ్రులకు విడమరచి చెప్పాలి. 2017 నుంచి మారని మొత్తాన్నీ పెంచాలి.