రొమ్ములో చీముగడ్డ: సూదితో తీయించుకోవాలా, కోత పెట్టించుకోవాలా?

పాలిచ్చే తల్లికి రొమ్ములో చీముగడ్డ కట్టిందని తెలియగానే ఇంట్లో రెండు మాటలు వినిపిస్తాయి. "కోసేస్తే ఒక్కసారికి పోతుంది కదా, ఎందుకు నాన్చడం?" అనేది ఒకటి. "ఇక బిడ్డకు పాలు మాన్పించెయ్" అనేది రెండోది. మొదటిది కొందరి విషయంలో సరైన మాటే, కానీ అందరికీ కాదు. రెండోది మాత్రం దాదాపు ఎప్పుడూ తప్పే. అసలే నిద్రలేమితో, నొప్పితో ఉన్న బాలింత ఈ రెండు మాటల మధ్య నలిగిపోకూడదనే ఇది రాస్తున్నాను.

రొమ్ము ఎర్రబడి, జ్వరం, చలి, ఒళ్లునొప్పులతో మొదలయ్యే మాస్టైటిస్ (రొమ్ము వాపు) సరిగా తగ్గకపోతే కొందరిలో చీము పడుతుంది. దీనికి ఎక్కువగా కారణం స్టెఫైలోకాకస్ ఆరియస్ అనే బ్యాక్టీరియా. యాంటీబయాటిక్ మొదలుపెట్టి రెండు రోజులైనా ఒకచోట గట్టి ముద్ద మిగిలి సలుపుతూనే ఉంటే స్కాన్ అడగండి. గడ్డ లోతుగా ఉంటే చేత్తో నొక్కి చూస్తే తెలియదు. అల్ట్రాసౌండ్‌లో చీము ఉందా లేదా, ఎంత ఉంది, ఒకేచోట ఉందా, అరలు అరలుగా ఉందా అన్నీ కనిపిస్తాయి. చీము ఒకసారి చేరాక చాలావరకు మందులొక్కటే సరిపోవు. దాన్ని బయటికి తీయాల్సిందే.

సూది పద్ధతిలో పైచర్మానికి మాత్రం మత్తు ఇచ్చి, స్కాన్ తెర మీద చూస్తూ, కాస్త లావుపాటి సూదితో చీమును లాగేస్తారు. అందులో కొంత ల్యాబ్‌కు పంపితే ఏ మందు పనిచేస్తుందో తేలుతుంది. ఆ పరీక్షను వదులుకోవద్దు. మామూలుగా అదే రోజు ఇంటికి వెళ్లిపోవచ్చు, మచ్చ దాదాపు పడదు, వెంటనే బిడ్డను పట్టుకోవచ్చు. ఇబ్బందల్లా ఒక్కసారితో తేలకపోవడమే. రెండు మూడు రోజులకోసారి వెళ్లి మళ్లీ స్కాన్ చేయించుకోవాలి, చీము చేరి ఉంటే మళ్లీ తీయించుకోవాలి. మొదటిసారి సిరంజిలోకి చిక్కగా, పసుపుపచ్చగా వచ్చింది తర్వాత్తర్వాత పలచబడి, పాలు కలిసి తేలికైన రంగులోకి మారుతుంది. అలా మారుతోందంటే లోపల మానుతోందన్నమాట. జ్వరం తగ్గింది కదా అని తర్వాతి స్కాన్ ఎగ్గొడితే మాత్రం గడ్డ తిరగబెట్టవచ్చు.

కోతలో పెద్ద గడ్డ కూడా ఒకేసారి ఖాళీ అవుతుంది, లోపలి అరలను సర్జన్ విడగొట్టి శుభ్రం చేస్తారు. కానీ అసలు కష్టం ఆపరేషన్ అయ్యాకే మొదలవుతుంది. గాయాన్ని సాధారణంగా కుట్టరు, అడుగు నుంచి మానుతూ రావాలని తెరిచే ఉంచుతారు. అంటే కొన్ని వారాల పాటు డ్రెస్సింగ్ తప్పదు. లోపల పెట్టిన గాజుగుడ్డ పాలకూ రసికీ తడిసి, మళ్లీ ఆరి గాయానికి అంటుకుంటుంది. పొడిగా లాగితే ప్రాణం పోయినంత పనవుతుంది. డ్రెస్సింగ్‌కు అరగంట ముందు నొప్పి మాత్ర వేసుకోవచ్చా అని డాక్టర్ని అడగండి. గుడ్డను సెలైన్‌తో బాగా తడిపి, మెత్తబడ్డాక తీయమని నర్సుకు చెప్పండి. ఇలా అడగడానికి మొహమాటపడాల్సిన పనిలేదు. మచ్చ పడుతుంది. కొందరికి కోత నుంచి పాలు కారుతుంటాయి, ఇది చూసి చాలామంది హడలిపోతారు. పాలనాళం తెగినచోట అలా జరుగుతుంది. తరచూ అదే మానుతుంది, కాకపోతే టైం పడుతుంది.

ఇంతకీ ఏది మేలు? గడ్డ మీది చర్మం మామూలుగా ఉండి, గడ్డ మరీ పెద్దది కాకపోతే ముందు సూదే. సుమారు 3 సెంటీమీటర్ల లోపు గడ్డలకు ఇది బాగా పనిచేస్తుంది. 5 సెంటీమీటర్లు దాటితే సూది ఒక్కటే విఫలమయ్యే అవకాశం పెరుగుతుంది. అప్పుడు చిన్న గాటు పెట్టి సన్నని గొట్టం ఉంచే మధ్యేమార్గం కూడా ఉంది. చీము దానంతట అదే కారిపోతుంది, పదేపదే సూది పొడవక్కర్లేదు, పెద్ద గాయమూ ఉండదు. ఆ వసతి ఉందేమో అడిగి చూడండి. అయితే పైచర్మం పలచబడి మెరుస్తున్నా, నల్లబడుతున్నా, పగలబోతున్నట్టున్నా, పలుమార్లు సూదితో తీసినా చీము చేరుతూనే ఉన్నా కోతే మంచిది. అలాంటప్పుడు కోత వద్దని పట్టుబడితే చర్మం ఇంకా దెబ్బతింటుంది. ఒకవేళ కోత తప్పకపోతే, అది వీలైనంతవరకు చనుమొన చుట్టూ ఉండే నల్లటి వలయానికి దూరంగా ఉండేలా చూడమని ముందే అడగండి. బిడ్డ నోరు ఆనేది అక్కడే.

ఇక పాల సంగతి. ఏ పద్ధతిలో చేయించుకున్నా రెండో రొమ్ము పాలు ఎప్పటిలాగే ఇవ్వొచ్చు. గాయానికి, కట్టుకు బిడ్డ నోరు తగలకపోతే ఆ వైపు కూడా ఇవ్వొచ్చు. తగిలేలా ఉన్నా, చనుమొన నుంచి చీము వస్తున్నా మానేదాకా ఆ వైపు పాలు పిండెయ్యండి. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డయితే డాక్టర్‌ని అడిగాకే ఇవ్వండి. హఠాత్తుగా పాలు ఆపేస్తే రొమ్ము బిగుసుకుపోయి నొప్పీ వాపూ ఎక్కువవుతాయి. అలాగని ఖాళీ చేసేయాలని గంటగంటకూ పంప్ పెడితే పాలు ఇంకా ఊరతాయి. బిడ్డ తాగేంత చాలు. గట్టిగా మర్దన చేయడం వల్ల లోపలి కణజాలం నలిగి వాపు పెరుగుతుంది. పాలిచ్చాక గుడ్డలో చుట్టిన ఐస్ కాసేపు పెట్టుకుంటే ఎంతో హాయి. బిడ్డ కాళ్లు గాయానికి తగలకుండా, చంక కింద నుంచి వెనక్కి ఉండేలా పట్టుకుని పాలివ్వండి.

పూర్తి మత్తు ఇచ్చినా, తెలివొచ్చి బిడ్డను ఎత్తుకోగలిగితే పాలివ్వొచ్చు. పాలు పారబోయాల్సిన అవసరం సాధారణంగా ఉండదు. నొప్పికి పారాసెటమాల్, ఐబుప్రోఫెన్ పాలిచ్చే తల్లులకు వాడే మందులే. కోడీన్, ట్రామడాల్ వల్ల బిడ్డకు మగత, ఊపిరి ఇబ్బంది రావచ్చు, అందుకే అవి రాస్తే వేరే మందు అడగండి.

చలిజ్వరం మళ్లీ వచ్చినా, ఎరుపు పాకుతున్నా తర్వాతి అపాయింట్‌మెంట్ దాకా ఆగకుండా అదే రోజు వెళ్లండి. అంతా మానాక కూడా ముద్ద మిగిలినా, చర్మం నారింజ తొక్కలా గుంటలు పడినా స్కాన్ మళ్లీ చేయించుకోండి, అవసరమైతే బయాప్సీ (చిన్న ముక్క తీసి ల్యాబ్‌లో చూసే పరీక్ష) కూడా. అరుదుగా వాపులా కనిపించే క్యాన్సర్ ఉంటుంది. "పాలిచ్చేవాళ్లకు ఇవన్నీ మామూలే" అని ఎవరైనా సర్దిచెప్పినా వినకుండా వెళ్లండి.