జిప్సీలో ఇంజన్ మార్చాక నాలుగేళ్ళు వాడిన వ్యాక్యూమ్ గేజ్: సూది గురించే ఈ రివ్యూ

ఇంజన్ గాలి పీల్చుకునే గొట్టాల్లో (మ్యానిఫోల్డ్) ఎంత వ్యాక్యూమ్, అంటే గాలి లాగే బలం, ఉందో సూదితో చూపించే మీటరిది. దీన్ని కొన్న కొత్తలో ఒక చిన్న రివ్యూ పెట్టా, అయిదుకి అయిదు స్టార్లు, "పెట్రోల్ బండి ఉన్న ప్రతివాడి దగ్గరా ఉండాల్సిందే" అని. నాలుగేళ్ళయ్యాక చూసుకుంటే ఆ మాటలో కొంత వెనక్కి తీసుకోవాలి, కొంత ఇంకా గట్టిగా చెప్పాలి, అందుకే మళ్ళీ రాస్తున్నా. డయల్ సైజెంత, డబ్బాలో ఎన్ని నిపుల్స్ (పైపు తగిలించే చిన్న మూతులు) వస్తాయి లాంటివి అమ్మేవాళ్ళ పేజీలోనే ఉంటాయి, చూసుకోండి. నేను చెప్పేదంతా ఆ సూది గురించే.

నా బండి 1998 జిప్సీ కింగ్, కార్బురేటర్‌ది. 2021లో పాత ఇంజన్ ఇక పొగ తప్ప ఇంకేం ఇవ్వనంటే, స్క్రాప్‌కి వచ్చిన ఇంకో జిప్సీలోంచి 16 వాల్వుల ఎంపీఎఫ్ఐ (కార్బురేటర్ బదులు ఇంజెక్టర్లతో పెట్రోల్ కొట్టే) ఇంజన్ని వైరింగు, ఈసీఎం (ఇంజన్ని నడిపే కంప్యూటర్), ట్యాంకులో పంపుతో సహా తెచ్చి విజయవాడ ఆటోనగర్‌లో ఎక్కించాం. (ఇలా చేసినవాళ్ళు ఆర్సీలో కొత్త ఇంజన్ నంబర్ ఎక్కించుకోండి బాబూ, తర్వాత చూద్దాంలే అనుకుంటే ఇన్సూరెన్స్ క్లెయిమ్ వేసే రోజున తెలుస్తుంది.) రోడ్డెక్కితే బండి బ్రహ్మాండం. సిగ్నల్ దగ్గర ఆగితే మాత్రం పూనకం. ఆర్పీఎం 1500 దాకా లేస్తుంది, ధబీమని 900కి పడుతుంది, మళ్ళీ లేస్తుంది, గేర్ రాడ్డు, దాని పక్కన ఫోర్ వీల్ రాడ్డు రెండూ తాళం వేస్తుంటాయి, పక్క ఆటోవాడు తల తిప్పి చూస్తాడు. మా ఆవిడైతే ఎక్కనని చెప్పేసింది.

తర్వాత మూడు నెలలు నేను చేసింది పిచ్చి పని. ఎవరేం చెబితే అది మార్చేశా. ప్లగ్గులు, ప్లగ్గు వైర్లు, కాయిల్, త్రాటిల్ బాడీ క్లీనింగు, ఇంజెక్టర్ల క్లీనింగు, సెకండ్ హ్యాండ్‌లో ఇంకో ఐడిల్ వాల్వు (బండి ఆగి ఉన్నప్పుడు ఆర్పీఎం నిలబెట్టేది). స్కానర్ పెడదామంటే ఓబీడీ (స్కానర్‌కి ఫాల్టులు చెప్పే పద్ధతి) తప్పనిసరి కాకముందు నాటి బండి, ఫోన్‌కి కలిపే బ్లూటూత్ డబ్బా దీనికి పనికిరాదు. ఉన్నదల్లా పాత పద్ధతి, డయాగ్నసిస్ పిన్నులు రెండూ వైరుతో కలిపి చెక్ ఇంజన్ లైటు ఎన్నిసార్లు వెలుగుతుందో లెక్కపెట్టుకోవడం. ఒకసారి వెలిగింది, ఆగింది, రెండుసార్లు వెలిగింది. 12. అంటే ఫాల్ట్ ఏమీ లేదని. బండి అలా ఊగుతుంటే ఈసీఎం మాత్రం నాకేం తెలీదంటుంది!

అప్పుడు మా మేస్త్రి, ముప్ఫై ఏళ్ళ అనుభవం ఉన్న మనిషే, "వాల్వు పోయినట్టుంది తమ్ముడూ, హెడ్ దించాల్సిందే" అన్నాడు. హెడ్ దించేముందు ఒక్క వారం టైమివ్వు అన్నా అని బతిమాలి, తొమ్మిది వందలు పెట్టి ఈ గేజ్ తెప్పించుకున్నా. మ్యానిఫోల్డ్‌కి ఉన్న ఒక నిపుల్‌కి పైపు తగిలించి స్టార్ట్ చేయడమే, ఇంకేం లేదు. బాగున్న ఇంజన్ అయితే సముద్ర మట్టం దగ్గర ఐడిల్‌లో 17 నుంచి 22 అంగుళాల (పాదరసం లెక్కన, వ్యాక్యూమ్‌ని అలాగే కొలుస్తారు) మధ్య ఎక్కడో చోట సూది కదలకుండా నిలబడాలి. నాది 14 దగ్గర ఊగుతోంది, పైగా మధ్యమధ్యలో చిన్న తుళ్ళింత.

14 అంటే ఎక్కడో గాలి లాగుతుండాలి, లేకపోతే టైమింగ్ (వాల్వులు తెరుచుకునే, స్పార్క్ పడే సమయం) లేటై ఉండాలి. టైమింగ్ గుర్తులు సరిగ్గానే ఉన్నాయి కాబట్టి గాలి వెతికా. ఇంజన్ మార్చిన బండ్లలో అసలు గొడవంతా ఇక్కడే, వేరే బండి మ్యానిఫోల్డ్‌కి ఉన్న నిపుల్స్ అన్నీ మన బండికి అక్కర్లేదు, మిగిలినవాటిని ఎవడో ఏదో పెట్టి మూసేస్తాడు. నా బండిలో వెనక ఫైర్‌వాల్ వైపు ఉన్న నిపుల్‌ని సైకిల్ ట్యూబు ముక్కలో బోల్టు దూర్చి మూశారు, ఆ వేడికి ట్యూబు చీలిపోయింది. అద్దం పెట్టి చూస్తే గానీ కనపడలేదు. సరైన రబ్బరు క్యాప్ పెట్టగానే ఆ లేవడం పడటం ఆగిపోయింది, సూది 17న్నరకి వచ్చింది. ఈసీఎం ఎందుకు 12 అన్నదో కూడా అప్పుడే అర్థమైంది: ఈ ఇంజన్లో మ్యాప్ సెన్సర్ మ్యానిఫోల్డ్ లోపలి ప్రెషర్‌ని చూసి పెట్రోల్ లెక్కేస్తుంది, దొంగదారిన వచ్చిన గాలి కూడా ఆ లెక్కలోకి వచ్చేస్తుంది, దానికి పెట్రోల్ కూడా పడుతుంది, ఆర్పీఎం లేస్తుంది. ఐడిల్‌లో అంత లేచేసరికి పెట్రోల్ కట్ చేస్తుంది, పడిపోతుంది, మళ్ళీ ఇస్తుంది. దాని లెక్కలో తప్పేం లేదు మరి.

తుళ్ళింత మాత్రం పోలేదు. ఇక్కడే నా పాత రివ్యూని సవరించాలి, ఎందుకంటే అప్పుడు "గేజే పట్టేసింది" అని రాశా, అది పూర్తి నిజం కాదు. ఒకే లెక్కన సూది తుళ్ళుతుంటే ఒక సిలిండర్ సరిగా పనిచేయట్లేదనే అర్థం, అది కాలిన వాల్వు కావచ్చు, మిస్సింగ్ (ఆ సిలిండర్లో పెట్రోల్ సరిగా కాలకపోవడం) కావచ్చు, సూదికి ఆ తేడా తెలీదు. మేస్త్రి అన్న వాల్వు కూడా అబద్ధమేం కాదు అప్పటికి. ఇంజెక్టర్ కనెక్టర్లు ఒక్కోటీ పీకి చూస్తే మూడోది పీకినప్పుడు ఇంజన్ పెద్దగా పట్టించుకోలేదు, అంటే సరిగా పనిచేయనిది మూడో సిలిండరే. అప్పుడు కంప్రెషన్ గేజ్ అద్దెకి తెచ్చి కొలిస్తే నాలుగు సిలిండర్లూ 170, 180 పీఎస్ఐ మధ్యే ఉన్నాయి. అంటే వాల్వు కాదు. మ్యానిఫోల్డ్ అడుగున, చెయ్యి దూరని చోట, స్ప్రే డబ్బాకి సన్న గొట్టం పెట్టి కార్బురేటర్ క్లీనర్ కొంచెం కొంచెంగా కొట్టా (సైలెన్సర్ వేడి తగిలితే భగ్గుమంటుంది, పక్కన ఫైర్ ఎక్స్‌టింగ్విషర్ లేకుండా చేయకండి). మూడో సిలిండర్ దగ్గర కొట్టగానే సూది పైకి ఎగిరి నిలబడింది, ఇంజన్ శబ్దం మారిపోయింది, అంటే గాలి లాగుతున్న సందు అక్కడే. విప్పి చూస్తే పాత ప్యాకింగే మళ్ళీ వాడి పేస్ట్ పూసి బిగించారు, దాని కింద మ్యానిఫోల్డ్ ముఖం కూడా కొంచెం వంగి ఉంది. లేత్ దగ్గర ఫేసింగ్ (ఆ ముఖాన్ని చదును) చేయించి కొత్త ప్యాకింగ్ వేశాం. 19న్నర. సూది గోడకి మేకు కొట్టినట్టు నిలబడింది.

అయినా బండి వణుకుతూనే ఉంది!

నాకు ఈ గేజ్ మీద ప్రేమ పుట్టింది నిజానికి ఇక్కడ. మామూలుగా అయితే నేను మళ్ళీ ప్లగ్గుల దగ్గర మొదలుపెట్టేవాణ్ణి, మేస్త్రి మళ్ళీ హెడ్ అనేవాడు. కానీ సీట్లో కూర్చుంటే నడుము ఊగుతోంది, సూది మాత్రం ఊగట్లేదు. ఇంజన్ బాగానే కాలుతోంది, వణుకు ఇంజన్ లోపలిది కాదు అని అది తేల్చి చెప్పేసింది. మేస్త్రి కూడా పది నిమిషాలు దాన్నే చూస్తూ నిలబడి "అయితే మౌంటింగేరా" అన్నాడు. కిందికి దూరి చూస్తే ఇంజన్ని ఫ్రేముకి పట్టి ఉంచే ఒక పక్క మౌంటింగ్ బ్రాకెట్ వెల్డింగ్ అర అంగుళం పక్కకి పోయి, రబ్బరు బదులు ఇనుము ఇనుముకే తగులుతోంది. బ్రాకెట్ మళ్ళీ చేయించాం, మా ఆవిడ బండెక్కింది.

ఇక గేజ్ లోపాలు. రెండేళ్ళ క్రితం హైదరాబాద్ మారాం, మొదటి ఆదివారం పెట్టి చూస్తే 17న్నరే, గుండె ఆగినంత పనైంది, మళ్ళీ ఎక్కడ లీకో అని పొద్దంతా వెతికా. తర్వాత తెలిసింది, వెయ్యి అడుగుల ఎత్తుకి సుమారు ఒక అంగుళం తగ్గుతుంది, హైదరాబాద్ 500 మీటర్ల పైనే కదా. అరకులో పెట్టి చూసినా అంతే, ఇంకా తగ్గింది. డయల్ మీద "నార్మల్" అని పచ్చరంగు పూసినవాడు ఈ విషయం ఎక్కడా చెప్పలేదు. మూడో ఏడాది నుంచి పైపు తీసేశాక సూది సున్నాకి రావట్లేదు, ఒకటి దగ్గర ఆగిపోతోంది, నేను మనసులో ఒకటి తీసేసి చదువుకుంటున్నా. పైపు కూడా గట్టిపడి చివర్లు వదులైపోయాయి, ఒకసారి ఆ పైపు దగ్గరే గాలి లాగి నన్ను తిప్పలు పెట్టింది, ఇప్పుడు వేరే పైపు వేసుకున్నా.

కొనాలా అంటే, నాలాగా పాత పెట్రోల్ బండి, అందులో వేరే ఇంజన్, చేతిలో ఆదివారాలు ఉంటే కొనండి. జీపుల్లో డీజిల్ ఇంజన్ వేయించుకున్నవాళ్ళకి దీంతో పనిలేదు, డీజిల్ మ్యానిఫోల్డ్‌లో కొలవడానికి ఇలాంటి వ్యాక్యూమే ఉండదు. కొత్త బండి అయితే ఆ డబ్బు స్కానర్‌కి పెట్టుకోవడం మేలు. స్టార్లు ఈసారి మూడున్నర ఇస్తున్నా. పోయిన నెల నుంచి పొద్దున్నే చల్లగా ఉన్నప్పుడు మాత్రం ఐడిల్ మళ్ళీ కొంచెం ఊగుతోంది, వేడెక్కాక సూది 17న్నర దగ్గర కదలకుండా ఉంటోంది. నాకు ఆ సెకండ్ హ్యాండ్ ఐడిల్ వాల్వు మీదే అనుమానం, వచ్చే ఆదివారం విప్పాలి.