యూడ్రాజిట్టా, ఆల్జినేటా: పెద్దపేగు దాకా మందు చేరాలంటే ఏది మేలు?

ఎం.ఫార్మసీ ప్రాజెక్టులు మొదలయ్యాయంటే అనంతపురంలో నా దగ్గరికొచ్చే పిల్లలంతా అడిగేది ఇదే: "మేడమ్, పెద్దపేగుకు మందు పంపాలంటే యూడ్రాజిట్ ఎస్ 100 తీసుకోవాలా, ఆల్జినేట్ పూసలు చేయాలా?" యూడ్రాజిట్ అంటే బిళ్ళ మీద పూతగా వేసే పాలిమర్; ఆల్జినేట్ మందును తనలో పట్టి ఉంచే జిగురు పదార్థం. ఈసారి నా విద్యార్థిని ఒకమ్మాయికి మెసలమైన్ (పెద్దపేగు వాపుకు వాడే మందు) బిళ్ళల కోసం నేనే ఒకటి తేల్చి చెప్పాల్సి వచ్చింది.

ఆల్జినేట్ అంటే నాకు ఇష్టం. సముద్రపు నాచు నుంచి వస్తుంది, ఆర్గానిక్ సాల్వెంట్ అక్కర్లేదు, సిరంజితో కాల్షియం క్లోరైడ్ ద్రావణంలోకి చుక్కలు వదిలితే పూసలు తయారు. డిస్టిల్డ్ వాటర్ మాత్రం తప్పనిసరి. మా బోరు నీళ్లలో ఉన్న కాల్షియానికే అది ఉండలు కట్టేస్తుంది. ఒక బ్యాచ్ మొత్తం అలాగే పారబోశాం.

నేను చూసింది ఒకటే. మందు ఏ పీహెచ్ దగ్గర బయటపడటం మొదలవుతుంది? ఆల్జినేట్ పీకేఏ, అంటే దాని ఆమ్ల భాగం సగం విడిపోయే పీహెచ్, 3.5 దగ్గర్లో ఉంటుంది. అందుకే కడుపులో ముడుచుకుని మందును పట్టి ఉంచినా, చిన్నపేగులో అడుగుపెట్టగానే ఉబ్బడం మొదలుపెడుతుంది. కడుపు ఆమ్లానికి బదులుగా వాడే 0.1 నార్మల్ హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో 2 గంటలు చెక్కుచెదరని మా పూసలు, చిన్నపేగుకు బదులుగా వాడే పీహెచ్ 6.8 ఫాస్ఫేట్ బఫర్‌లోకి మార్చాక మా కళ్లముందే విడిపోయాయి. పూసను కట్టి ఉంచే కాల్షియాన్ని ఫాస్ఫేట్ లాగేసుకుంటుంది, పేగులో అంత ఫాస్ఫేట్ ఉండదు, నిజమే. అయినా పెద్దపేగు దాకా ఆగుతుందని నాకు నమ్మకం లేదు.

యూడ్రాజిట్ ఎస్ 100 పీహెచ్ 7 దాటితే గానీ కరగదు. చిన్నపేగు చివర్లో పీహెచ్ సుమారు 7.4కి చేరుతుంది, అంటే పెద్దపేగు గుమ్మం ముందే పూత విడిపోతుంది. కానీ అందరిలో 7 దాటుతుందన్న హామీ లేదు. దాటకపోతే బిళ్ళ బిళ్ళలాగే మలంలో బయటికొస్తుంది. అల్సరేటివ్ కొలైటిస్ (పెద్దపేగు లోపొర వాచి పుండ్లు పడే జబ్బు) ఉన్నవాళ్లలో పెద్దపేగు పీహెచ్ తగ్గిపోవచ్చు కూడా. ఈ మందు కావాల్సింది వాళ్లకే కదా! అందుకే ఎస్ 100 ఒక్కటే కాకుండా, పీహెచ్ 6 దగ్గర కరిగే యూడ్రాజిట్ ఎల్ 100 కూడా కలపమన్నాను. నిష్పత్తి మార్చి, ఎక్కడ కరగాలో మనమే సర్దుకోవచ్చు. ఆల్జినేట్‌తో ఆ వీలు లేదు.

పూత వేయడం తేలికేమీ కాదు. మే నెల పొడిగాలికి, పూతను కరిగించిన ఐసోప్రొపైల్ ఆల్కహాల్ బిళ్ళను చేరకముందే ఆరిపోయి, పూత గరుకుగా వస్తుంది. పూతను మెత్తగా ఉంచే ట్రైఇథైల్ సిట్రేట్ తక్కువైతే పగుళ్లు. పొద్దున్నే మొదలుపెట్టండి.

కైటోసాన్ అనే ఇంకో పాలిమర్ ఆమ్లంలోనే కరుగుతుంది కాబట్టి ఒక్కటే కడుపు దాటలేదు, పైన ఇంకో పూత కావాలి.

కణితుల కోసం, ఆమ్లంలో తెగే హైడ్రజోన్ బంధంతో నానోకణాలు చేస్తామనేవాళ్లూ ఉన్నారు. రక్తం పీహెచ్ 7.4, కణితి చుట్టూ 6.5 నుంచి 6.9. తేడా ఒక యూనిట్ కూడా లేదు. కణంలోకి వెళ్లాక లైసోజోమ్‌లో (కణంలోని జీర్ణ సంచి) 5 దాకా పడుతుంది గానీ, అది చూపించాలంటే సెల్ కల్చర్ ఉండాలి. ఆ సౌకర్యం లేని ల్యాబ్‌లో ఏడాది ప్రాజెక్టుగా దాన్ని నేను ఇవ్వను.

నా విద్యార్థిని ఎల్, ఎస్ కలిపి 1:1, 1:2, 1:3 పూతలు వేసింది. సోమవారం నుంచి డిసొల్యూషన్, అంటే మందు ఎంతసేపట్లో బయటపడుతుందో చూసే పరీక్ష.