టెంటు నేల మీద ఆరేళ్లు: పజిల్ మ్యాట్లు, జంపఖానా, బొంత

పిల్లల ఆట గదుల్లోనూ వ్యాయామశాలల్లోనూ పరిచే పజిల్ మ్యాట్లను 2019 మార్చిలో మా టెంటు కోసం కొన్నాను. రెండడుగుల చదరపు ఫోమ్ పలకలు, 12 మిల్లీమీటర్ల మందం, అంచుల్లో పళ్లు. ఒకదానిలో ఒకటి ఇరికిస్తే నేలంతా ఒకే చాప అవుతుంది. నాలుగేసి పలకల కట్టలు ఆరు తీసుకుంటే ఐదు వేల రూపాయలకు కాస్త పైన అయింది. నేను, మావారు, ఇద్దరు పిల్లలు, మా అమ్మ: ఐదుగురం ఇప్పటికి వాటి మీద ముప్పై ఎనిమిది రాత్రులు పడుకున్నాం. అరకు తడిగడ్డి, గండికోట రాతినేల, వికారాబాద్ అనంతగిరి ఎర్రమట్టి, మారేడుమిల్లి అడవిలో ఆకులు పరుచుకున్న మెత్తటి నేల, అన్నిటి మీదా పరిచాం. ఇంతకాలం వాడాక నాకు గట్టిగా అనిపిస్తున్నది ఒకటే. టెంటులో పక్క ఒక్కటే మెత్తగా ఉంటే చాలదు, నేలంతా మెత్తగా ఉండాలి.

అసలు ఇవి కొనడానికి కారణం లంబసింగిలో గడిపిన ఒక రాత్రి. అదే ఏడాది జనవరిలో మంచు చూడాలని వెళ్లాం. సముద్రమట్టానికి దాదాపు వెయ్యి మీటర్ల ఎత్తున ఉన్న ఆ ఊరికి కొర్రబయలు అని ఇంకో పేరు ఉంది. రాత్రి బయట ఉండిపోయిన మనిషి కర్రలా బిగుసుకుపోతాడని ఆ పేరుకు అర్థం చెబుతారు. అది విని రెండు పెద్ద గాలి పరుపులు, ఆరు రగ్గులు మోసుకెళ్లాం. రాత్రి రెండు గంటలప్పుడు అమ్మ లేచి కూర్చుని, "ఏమే, కిందికి నీళ్లు గాని వచ్చాయా?" అని అడిగింది. టార్చి వేసి చూస్తే చుక్క తడి లేదు. వీపు కింది చలినే ఆమె తడి అనుకుంది. సాయంత్రం బిగువుగా ఊదిన పరుపు అప్పటికి నడుం దగ్గర కుంగిపోయి ఉంది. చిల్లు పడిందేమోనని వెతికాం, పడలేదు. లోపలి గాలి చల్లబడి కుదించుకుపోయింది, అంతే. దానికి తోడు మావారు ఒత్తిగిల్లిన ప్రతిసారీ పక్కనున్న చిన్నవాడు ఎగిరిపడి లేచి ఏడ్చాడు. తెల్లవారుజామున మంచు అందంగానే ఉంది గాని, చూసే ఓపిక మాలో ఎవరికీ మిగలలేదు.

ఇంటికి వచ్చాక దీని సంగతి తెలుసుకోవాలని కూర్చున్నాను. రగ్గు వెచ్చదనం దాని పోగుల మధ్య నిలిచిన గాలి వల్ల వస్తుంది. మన కింద వేసుకున్న రగ్గు ఒంటి బరువుకు నలిగిపోతుంది కాబట్టి అక్కడ ఆ గాలి మిగలదు. మరి గాలి పరుపు నిండా గాలే కదా అంటే, ఆ గాలి ఒకచోట నిలవదు. వెడల్పాటి గదుల్లో తిరుగుతూ, మనం కదిలినప్పుడల్లా పొర్లుతూ, ఒంటి వేడిని తీసుకెళ్లి నేలకు అప్పజెబుతుంది. ఈ పలకల ఫోములో గాలి కంటికి ఆనని చిన్న చిన్న మూసిన గదుల్లో చిక్కుకుని ఉంటుంది. అటూ ఇటూ పోలేదు, నీరు పీల్చదు, బరువుకు పూర్తిగా నలగదు. బొటనవేలి మందం కూడా లేని ఫోము జానెడు ఎత్తు పరుపుకన్నా వెచ్చగా ఉంటుందని ఎవరైనా చెబితే నేను నమ్మేదాన్ని కాదు. మరుసటి శీతాకాలం మళ్లీ లంబసింగిలోనే పడుకుని చూశాకే నమ్మాను. ఆ రాత్రి ఫోనులో 8 డిగ్రీలు చూపించింది. అమ్మ ఒక్కసారి కూడా లేవలేదు.

మా టెంటు ఆరుగురు పట్టేదని అమ్మింది. లోపల దాదాపు పదడుగులకు పదడుగులు. అంటే లెక్క ప్రకారం ఇరవై ఐదు పలకలు కావాలి, మా దగ్గర ఉన్నవి ఇరవై నాలుగు. తక్కువైన ఆ ఒక్క పలక చోటును గుమ్మం దగ్గర వదిలేశాం. అదే మాకు చెప్పులు విడిచే గూడు అయింది. కాళ్ల మట్టి, ఇసుక అక్కడే ఆగిపోతాయి. ఇరవై ఐదో పలక ఇప్పుడు ఉచితంగా ఇచ్చినా వేయను.

నేలంతా కప్పాలని నేను పట్టుబట్టడానికి కారణం మన అలవాట్లే. మనం నేల మీద బతికే వాళ్లం. టెంటులోకి వెళ్తే కూర్చునేది, తినేది, పిల్లలు పాకేది, పేకముక్కలు వేసుకునేది, అమ్మ పూలు కట్టేది అంతా నేల మీదే. మనిషికొక చాప చొప్పున వేస్తే రాత్రికి సరిపోతుంది గాని, పగలు మోకాలు ఎక్కడ ఆనినా రాయి తగులుతుంది. వాన పట్టుకుని అనంతగిరిలో ఒక రోజంతా టెంటులోనే ఉండాల్సి వచ్చింది. మూసీ పుట్టిన కొండల్లో ఆగస్టు వాన, అది ఆగితేనా! ఆ రోజు పిల్లలు ఒక్కసారి కూడా విసుగుతో ఇంటికి పోదామనలేదు.

పలకల కింద ఏం చేశామన్నది పలకలంత ముఖ్యం. టెంటు విప్పకముందే చోటు ఊడుస్తాను. పొరక ఒకటి కారులో ఎప్పుడూ ఉంటుంది. గండికోటలో పెన్నా లోయ అంచుకు కాస్త దూరంగా దిగినప్పుడు తొందరలో ఊడవడం మానేస్తే పల్లేరు కాయలు రెండు టెంటు అడుగు గుడ్డను పొడిచి, పలకలోకి దిగాయి. అక్కడ గాలి పరుపు వేసి ఉంటే ఆ రాత్రి దానితో సరి. ఊడ్చాక మావారు ఉత్త నేల మీద ఒకసారి వెల్లకిలా పడుకుని చూస్తారు. కంటికి చదునుగా కనబడిన నేల వీపుకు వాలుగా తగులుతుంది. వాలు ఉంటే తలలు ఎత్తు వైపుకు పెట్టుకుంటాం. అడ్డవాలు మాత్రం ఎంత కొద్దిగా ఉన్నా ఒప్పుకోం, తెల్లారేసరికి ఐదుగురమూ ఒక మూలకు చేరతాం.

తర్వాత టార్పాలిన్ పట్టా. ఇది టెంటు అడుగు కన్నా అన్నివైపులా బెత్తెడు చిన్నదిగా ఉండాలి. మేము మొదట్లో పెద్దది వేసి, అంచులు బయటికి వదిలాం. వాననీరు ఆ అంచుల మీద పడి, జారి, సరిగ్గా పట్టాకూ టెంటుకూ మధ్య చేరి నిలిచింది. అనంతగిరి వానలో మా కింద మడుగు కట్టింది ఆ పట్టా వల్లే. టెంటు కుట్ల గుండా నీరు ఊరి లోపలికి వచ్చినా పలకలు మమ్మల్ని పైన నిలబెట్టాయి. దూది పరుపు అయితే ఆ నీరంతా తాగి, ఆరడానికి వారం పట్టేది. అప్పటినుంచి పట్టా అంచులను లోపలికి మడిచి పెడుతున్నాం.

పలకల మీద ఏం వేయాలన్న దానికి నాకు రెండేళ్లు పట్టింది. ఫోము మీద నేరుగా దుప్పటి వేస్తే జారుతుంది, చెమట పడుతుంది, రాత్రంతా చర్మానికి అదోలా తగులుతుంది. అల్యూమినియం రేకు అంటించిన పల్చటి ఫోమ్ చుట్ట ఒకటి తెచ్చి పైన వేశాను. వెచ్చగానే ఉంది గాని, ఎవరు కదిలినా కరకరమని మోగుతుంది. చివరికి ఇంట్లో పెళ్లినాటి వరంగల్ జంపఖానా ఉంటే అది వేశాను. బరువైన నూలు నేత కదా, ఫోమును పట్టుకుని ఉంటుంది, చెమట పీల్చుకుంటుంది, పలకల మధ్య అతుకులు ఒంటికి తెలియనివ్వదు. వరంగల్ జంపఖానాలకు 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. మా ఇంట్లో మాత్రం వాటికి అసలు గుర్తింపు టెంటులోనే వచ్చిందని చెప్పాలి. వేసవిలో హార్స్‌లీ కొండల మీద జంపఖానా తీసేసి తుంగచాప వేశాం. వీపుకు గాలి ఆడింది. ఈతచాప మాత్రం వద్దు, దాని అంచు మొనలు ఫోమును గీరేస్తాయి.

అన్నిటికన్నా పైన పిల్లలకు బొంత. అమ్మ పాత నూలు చీరలు ఆరేడు పొరలుగా వేసి, చేత్తో కుట్టినది. కొన్న ఏ పరుపులోనూ పిల్లలు ఇంత త్వరగా నిద్రపోవడం నేను చూడలేదు. చలి ఎక్కువైతే మడత విప్పి సగం కింద, సగం పైన వేసుకుంటారు.

అమ్మకు 64 ఏళ్లు, నడుం నొప్పి. ఆమెకు 12 మిల్లీమీటర్ల ఫోము చాలదని నాకు మొదటి ప్రయాణంలోనే అర్థమైంది. అది చలిని ఆపుతుంది, గట్టినేల గట్టిదనాన్ని పూర్తిగా ఆపదు. పక్కకు తిరిగి పడుకునేవాళ్లకు తుంటి దగ్గర నేల తెలుస్తుంది. అందుకని 2021లో మూత తిప్పితే తనంతట తానే ఉబ్బే చాప ఒకటి, ఐదు సెంటీమీటర్ల మందంది, కొన్నాను. లోపల స్పాంజి ఉంటుంది, అది విచ్చుకుంటూ గాలి పీల్చుకుంటుంది. చివర్లో రెండు ఊపిరులు మనం ఊదాలి. ఇలాంటి చాపల మీద ఆర్-విలువ అని ఒక అంకె వేస్తారు. ఆ అంకె ఎంత పెద్దదైతే చాప చలిని అంత బాగా ఆపుతుంది. ఒకదాని మీద ఒకటి పరిస్తే ఆ విలువలు కలుస్తాయి కాబట్టి, పలకల మీద వేసినప్పుడు చవకరకం చాప కూడా మన కొండల చలికి సరిపోయింది. ఇంట్లో దాన్ని చుట్టి పెట్టను. మూత తెరిచి, మంచం కింద పరిచి ఉంచుతాను. చుట్టి ఉంచితే స్పాంజి అణిగిపోయి తర్వాత ఉబ్బదు. నాలుగేళ్లయినా అది ఇంకా బాగానే పనిచేస్తోంది. నేల మీదినుంచి లేవడానికి అమ్మకు ఆసరాగా చిన్న ప్లాస్టిక్ స్టూలు పెడతాం. దాని కాళ్ల కింద ఒక అట్టముక్క తప్పనిసరి, లేకపోతే ఫోములో పడిన గుంటలు మళ్లీ పూడవు.

లోపాలు లేకపోలేదు. కొత్తలో ఘాటైన వాసన వస్తుంది. విప్పి నాలుగైదు రోజులు నీడలో గాలికి పెట్టందే పిల్లలను వాటి మీద పడుకోబెట్టవద్దు. ఇరవై నాలుగు పలకలు పేరిస్తే ఒక అడుగు ఎత్తు దొంతర, మా చిన్న కారు డిక్కీలో సగం చోటు తినేస్తుంది. సామాను వీపున మోసుకుని కొండెక్కే వాళ్లకు ఇవి బొత్తిగా పనికిరావు. 20 మిల్లీమీటర్లవి ఇంకా మెత్తగా ఉంటాయని తెలిసీ నేను తీసుకోనిది అందుకే.

ఇంకొకటి, తెల్లవారాక పలకల అడుగున, టెంటు గుడ్డ మీద సన్నని తడి ఉంటుంది. వాన లేకపోయినా ఉంటుంది, మన ఒంటి ఆవిరి చల్లటి గుడ్డ మీద పేరుకున్నది అది. రెండు రాత్రులకు మించి ఉంటే మధ్యలో ఒకసారి పలకలు ఎత్తి తుడవాలి. అరకులో మూడు రాత్రులు అలాగే వదిలేసి, ఇంటికి వచ్చి దొంతర పేర్చి మరిచిపోతే, నెల తర్వాత నల్లటి బూజు మచ్చలు కనిపించాయి. సబ్బునీళ్లతో రుద్దితే చాలావరకు పోయాయి.

పెద్ద నష్టం మాత్రం నా అజాగ్రత్త వల్ల జరిగింది. 2020 మే నెలలో, బయటికి వెళ్లే దారి లేక, పిల్లల కోసం హైదరాబాద్‌లో మా డాబా మీదే టెంటు వేశాం. పొద్దున్నే టెంటు తీసేసి, పలకలు కడిగి ఎండలో ఆరబెట్టి, సాయంత్రం దాకా వదిలేశాను. ఎండకు ఏడు పలకలు కుంచించుకుని, అంచులు పైకి లేచాయి. వాటి పళ్లు మిగతావాటిలో ఇక కూర్చోలేదు. ఎంత తొక్కినా మధ్యలో వేలు పట్టేంత సందు మిగిలింది, ఆ సందులోంచి చలి తెలిసేది. అదే రకం పలకలు విడిగా కొందామంటే కొత్త కట్టలో పళ్ల కొలత వేరు. అందుకే కొనేటప్పుడే ఒక కట్ట అదనంగా తీసుకుని పక్కన పెట్టుకోమని చెబుతాను. కడిగాక నీడలోనే ఆరబెట్టాలి, ఎండాకాలం మూసిన కారులో వదలకూడదు.

ఆ ఏడు పలకలనూ పారేయలేదు. పళ్లు కోసేసి, వాటిని అంచుల వెంబడి, టెంటు గోడ పక్కన, సంచులు పెట్టే చోట వేస్తున్నాం. మధ్యలో అందరం పడుకునే చోట మంచి పలకలు. ఈ డిసెంబరులో మళ్లీ అరకు వెళ్లేలోపు కొత్తగా రెండు కట్టలు, ఒకే కొలతవి, ఒకేసారి కొనాలని రాసిపెట్టుకున్నాను. జంపఖానా మాత్రం అదే.