గద్దల ఫొటోలకు శంకర్‌పల్లా, తాండూరా?

హైదరాబాద్‌లో పక్షుల ఫొటోలనగానే అమీన్‌పూర్ చెరువో, మంజీరానో, వికారాబాద్ దగ్గరి అనంతగిరి అడవో అంటారు. గద్దలు, డేగల కోసమైతే నేను పొలాలకే పోతాను. అనంతగిరిలో గద్ద అరుపు వినిపిస్తుంది, కెమెరా ఎత్తేలోపు కొమ్మల చాటుకు పోతుంది. చేలల్లో దానికి ఎలుకలు, తొండలు, మిడతలు, కూర్చోడానికి కరెంటు తీగలు. మనకేమో అడ్డులేని ఆకాశం.

దగ్గర్లో కావాలంటే శంకర్‌పల్లి, చేవెళ్ల వైపు చాలు. తెల్లారేసరికి చేరితే తీగల మీద అడవి రామదాసు (బ్లాక్-వింగ్డ్ కైట్ అనే చిన్న గద్ద) దొరుకుతుంది: తెల్లటి పొట్ట, భుజాల మీద నలుపు, ఎర్రటి కళ్లు. వేటప్పుడు గాల్లో ఒకేచోట రెక్కలాడిస్తూ ఆగుతుంది కాబట్టి కొత్తవాళ్లు కూడా ఫోకస్ చేసుకోవచ్చు. కాకపోతే ఎటు తిప్పినా ఫ్రేములోకి వెంచర్ల ఆర్చీలు, ప్లాట్ల హద్దురాళ్లు వచ్చిపడతాయి.

వికారాబాద్ దాటి తాండూరు వైపు పోతే లెక్కే వేరు. నల్లరేగడి, కంది, శనగ. 2022లో భౌగోళిక గుర్తింపు పొందిన తాండూరు కంది ఈ నేలదే. చలికాలంలో మధ్య ఆసియా నుంచి పిల్లి గద్దలు (ఇంగ్లిష్‌లో హ్యారియర్లు) వస్తాయి. రెక్కలు కాస్త పైకెత్తి, పైరును రాసుకుంటూ పోతున్నట్టు ఎగురుతాయి. వెంటపడితే దక్కవు. చేను గట్టు పక్కన కారాపి, ఇంజిన్ కట్టేసి కూర్చుంటే అవే ఎదురుగా వస్తాయి. షట్టర్ 1/2000 సెకను, లెన్స్ కనీసం 400 ఎంఎం. గద్ద వెనక తెల్లటి ఆకాశముంటే ఎక్స్‌పోజర్ ఒక స్టాప్ పెంచాలి, లేదంటే నల్లటి బొమ్మే మిగులుతుంది. రాత్రుళ్లు ఇవి గడ్డిలో నేల మీదే పడుకుంటాయి, పొద్దుగూకాక గడ్డిబీళ్లలో తిరగొద్దు.

పెద్ద కెమెరా చూస్తే రైతులకు టెన్షన్. "సర్వేనా సారూ? మా పొలంలకెళ్లి రోడ్డు పోతదా?" అని ఒకాయన నిలదీశాడు. గద్దల కోసమని చెప్తే నవ్వి, "అగో, ఆ స్తంభం మీద పొద్దుగాల్ల కూసుంటది" అని చూపించాడు. డబ్బులు తీసుకున్న గైడ్ కంటే ఆయనే నయం. ఆ గైడ్ బతికున్న ఎలుకను కట్టి గద్దను రప్పిస్తానన్నాడు, నేను వద్దన్నాను. అలా తీసిన ఫొటో నాకు అక్కర్లేదు.

బస విషయానికొస్తే, అనంతగిరి దగ్గర ఒక ఫామ్‌స్టేలో 'పక్షి ప్రేమికుల కోసం' అని బోర్డు. అర్ధరాత్రి దాకా డీజే. టిఫిన్ తొమ్మిదింటికి, అంటే మంచి వెలుతురంతా పోయాక! పిల్లాపాపలతో వెళ్తే గుట్ట మీదున్న టూరిజం వారి హరిత రిసార్టు హాయి, కానీ చేలకు రోజూ కిందికి దిగాలి. ఫొటోలే పనైతే తాండూరులో మామూలు లాడ్జి చాలు. స్టేషన్ దగ్గర తెల్లారకముందే చాయ్ దొరుకుతుంది.

నగరం నుంచి యాప్ క్యాబ్ వద్దు, ఆపమన్న ప్రతిసారీ డ్రైవర్ ముఖం మాడుస్తాడు. లింగంపల్లిలో రైలెక్కి తాండూరులో దిగండి. అక్కడ రోజంతటికీ కారు మాట్లాడుకునేటప్పుడే గంటకు పదిసార్లు ఆపాల్సి ఉంటుందని ముందే చెప్పండి.