ఐదో ఎడిషన్ డ్రాగన్లతో ఆరేళ్లు: అంకెలు అలాగే ఉంచి ఇళ్లు మార్చాం

పర్లాకిమిడిలో మా మేడ మీద గదిలో 2019 నుంచి డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఆడుతున్నాం. ఒకరు కథ నడుపుతుంటే మిగతావాళ్లు అందులో పాత్రలై, పాచికలు వేస్తూ ఆడే ఆట ఇది. ఆట నడిపేది నేను. నాతో కలిపి ఐదుగురం. ఇద్దరివి తెలుగు ఇళ్లు, ఇద్దరివి ఒడియా ఇళ్లు, ఒకతను గుమ్మా వైపు నుంచి చదువుకోవడానికి వచ్చిన సవర మిత్రుడు. ఈ ఆటకు 2014లో వచ్చిన ఐదో ఎడిషన్‌లోని డ్రాగన్లను ఆరేళ్లుగా వాడాక నాకు అనిపించింది రాస్తున్నాను.

ముందు ఒక సంగతి. ఈ డ్రాగన్ల కోసం మేము పుస్తకం కొనలేదు. ఐదో ఎడిషన్ ప్రాథమిక నియమాల పత్రం ఉచితంగా దొరుకుతుంది. 2023 జనవరిలో దాన్ని క్రియేటివ్ కామన్స్ లైసెన్సు కిందకి తెచ్చారు కాబట్టి మూలం పేరు చెప్పి ఎవరైనా మార్చుకోవచ్చు, పంచుకోవచ్చు. నలుపు, నీలం, ఆకుపచ్చ, ఎరుపు, తెలుపు అనే ఐదు చెడ్డ డ్రాగన్లు, ఇత్తడి, కంచు, రాగి, వెండి, బంగారం అనే ఐదు మంచి డ్రాగన్లు, పదీ అందులో ఉన్నాయి. పిల్ల, పడుచు, పెద్ద, ముసలి అని ప్రతిదానికీ నాలుగు వయసులు. ఆ పేజీలు మాత్రం జిరాక్స్ షాపులో ప్రింటు తీయించి పిన్ను కొట్టుకున్నాను. ఆ కట్ట ఇప్పటికీ నా దగ్గరుంది.

ఉచిత పత్రంలో డ్రాగన్ ఒంటికి సంబంధించిన అంకెలన్నీ ఉన్నాయి గానీ దాని ఇల్లు లేదు. ఎక్కడ ఉంటుంది, ఏం దాచుకుంటుంది, దాని గుహలోకి వెళ్తే ఏమవుతుంది అన్నవి మాన్‌స్టర్ మాన్యువల్ అనే పెద్ద జీవుల పుస్తకంలో ఉంటాయి. మొదట్లో ఇది లోటే అనుకున్నాను. మా ఆట బాగుపడింది మాత్రం ఆ లోటు వల్లనే.

మొదటి డ్రాగన్‌గా పడుచు వయసు నల్ల డ్రాగన్‌ను ఎంచుకున్నాను. 127 హిట్ పాయింట్లు (ప్రాణబలం), కవచం 18 (దెబ్బ తగలాలంటే పాచిక లెక్క కనీసం అంత రావాలి). నీటిలోనూ నేల మీదా ఊపిరి తీసుకోగలదు. దాని యాసిడ్ ఊపిరి 30 అడుగుల పొడవు, 5 అడుగుల వెడల్పుతో తిన్నటి గీతలా వస్తుంది. ఎనిమిది ముఖాల పాచికలు పదకొండు వేయాలి, సగటున 49 నష్టం. దెబ్బ తప్పించుకోవడానికి ఆటగాడు వేసే పాచికలో, అంటే సేవింగ్ త్రోలో, 14 గానీ అంతకు మించి గానీ పడితే సగం. ఈ అంకెలు పేజీ మీద చదివినప్పుడు నాకేమీ అనిపించలేదు. మహేంద్రతనయ ఒడ్డున నీళ్లు నిలిచిన పొలాల్లో దాన్ని పెట్టాక అర్థమైంది. పొలంలో మనుషులు గట్టు మీద నడుస్తారు, ఒకరి వెనక ఒకరు. నలుగురు ఆటగాళ్లూ అలాగే నడిచారు. నీళ్లలోంచి తల పైకి లేచింది, ఊపిరి గట్టు పొడవునా సాగింది. ఐదో లెవెల్ జట్టులో ఇద్దరు అక్కడికక్కడే పడిపోయారు. ఆ 5 అడుగుల వెడల్పు గట్టు కోసమే రాసినట్టు సరిపోయింది. అదే డ్రాగన్‌ను తర్వాత ఇంకో ఆటలో బయలు నేల మీద దింపితే మూడు రౌండ్లలో చచ్చిపోయింది. పడుచు డ్రాగన్లకు లెజెండరీ యాక్షన్లు (ఇతరుల వంతులు అయిన వెంటనే చేసే అదనపు పనులు) ఉండవు. నలుగురు చుట్టుముడితే అవి నిలబడలేవు, చోటే వాటిని కాపాడాలి.

ఆ మొదటి పోరాటం రెండో వారానికి సాగింది. ఆ సాయంత్రం నాగులచవితి అని మాకెవరికీ గుర్తులేదు. టీ పట్టుకొచ్చిన అమ్మ మా అరుపులు విని, "పొద్దున్నే పుట్టలో పాలు పోసొచ్చాను, సాయంత్రానికి నువ్వు పాముని చంపడమేటిరా?" అంది. రెక్కలున్నాయి, నాలుగు కాళ్లున్నాయి, ఇది పాము కాదు అని చెప్పి చూశాను. బల్ల మీద పెట్టిన రబ్బరు బొమ్మను చూసి ఆవిడ ఒప్పుకోలేదు. ఆ రోజు ఆట ఆపేశాం. కింద భోజనాల దగ్గర ఆ డ్రాగన్ ఏం చేస్తుందని అడిగింది. బంగారం పోగేసి దాని మీద పడుకుంటుందని చెప్పాను. "అయితే లంకెబిందెల కాపలా పామే కదా. అది తనకోసం కాయదు, ఇంకెవరికో అప్పగించడానికి కాస్తది" అంది.

ఈ సమీక్షలో నేను చెప్పాలనుకున్న అసలు విషయం ఆ మాటలోనే ఉంది. ఆటలోని డ్రాగన్ దురాశతో కూడబెడుతుంది. మన కథల్లో పాము ఒకరి సొమ్ముకు కావలి ఉంటుంది. రెండింటి ముందూ బంగారమే ఉన్నా, కావలి కాసే డ్రాగన్ అనగానే ఆటగాళ్లు అడిగే ప్రశ్నలు మారిపోతాయి. ఎవరిది? ఎప్పుడు అప్పగిస్తుంది? దీన్ని చంపితే ఆ తర్వాత ఎవరు కాస్తారు? అప్పటినుంచి ప్రతి డ్రాగన్‌కూ అంకెలు ముట్టుకోకుండా, అది కాస్తున్నదేమిటో ఒక్కటే కొత్తగా రాసుకుంటున్నాను.

నీలం డ్రాగన్ మూలంలో ఎడారి జీవి. నేను గోపాలపురం తీరంలో సరుగుడు తోటల కింద పెట్టాను. ఇసుక తవ్వుకుంటూ పోగలదు కాబట్టి నియమాలు ఏమీ మార్చనక్కర్లేదు. పెద్ద నీలం డ్రాగన్ పిడుగు ఊపిరి 90 అడుగుల గీత, సగటు నష్టం 66. తుపాను దాని దాడి అవుతుందని ముందు అనుకున్నాను. మా జట్టులో ఒకతని అమ్మమ్మగారి ఊరు ఉద్దానంలో ఉంది. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు వాళ్ల కొబ్బరి తోట మొత్తం పోయింది. తుపానుతో కత్తియుద్ధం చేయడం తనకి ఇష్టం లేదని ఆట మొదలయ్యే ముందే చెప్పాడు. అతను చెప్పింది న్యాయం. కథ తిరగరాశాను. ఈ డ్రాగన్ తుపానులను పట్టి లంకెబిందెల్లో మూత బిగించి ఉంచుతుంది. ఏటా ఒక బిందె పెరుగుతుంది, అది ముసలిదైపోతోంది. చంపితే బిందెలన్నీ పగులుతాయి. నాలుగు వారాలు ఆడాం, ఒక్క కత్తి దూయలేదు. చివరికి ఆ కొబ్బరి తోట అబ్బాయి పాత్రే కాపలా బాధ్యత తీసుకుంది.

ఆకుపచ్చ డ్రాగన్ దగ్గరే మేము ఎక్కువకాలం ఉన్నాం. అడవిలో ఉంటుంది, విషపు గాలి ఊదుతుంది, మాటలతో మోసం చేస్తుంది. దాన్ని మహేంద్రగిరి మీద పెట్టి భాషలకు కాపలా చేశాను. మా ఊళ్లో ఇది ఊరికే వచ్చిన ఆలోచన కాదు. గిడుగు రామమూర్తి పంతులుగారు పాఠాలు చెప్పిన ఊరు ఇది. సవర భాష నేర్చుకుని దానికి వ్యాకరణం, నిఘంటువు రాసిన మనిషి నడిచిన వీధుల్లోనే మేమూ తిరుగుతాం. నా నియమం ఇది: డ్రాగన్‌తో మాట్లాడిన ప్రతిసారీ విజ్డమ్ (వివేకం) సేవింగ్ త్రో వేయాలి. తప్పితే ఒక భాషను దానికి అప్పగించాలి, ఏది అప్పగించాలో ఆటగాడి ఇష్టం. తిరిగి సంపాదించేదాకా బల్ల దగ్గర ఆ భాష మాట్లాడకూడదు. మా సవర మిత్రుడి పాచిక తప్పింది. మా అందరికీ ఉమ్మడి భాష తెలుగే. అతను క్షణం కూడా ఆలోచించకుండా తెలుగు ఇచ్చేశాడు, సవర ఉంచుకున్నాడు. రెండు వారాలు ఒడియాలోనూ సవరలోనూ మాట్లాడాడు. ఒడియా మిత్రులు నాకు తెలుగు చేసి చెప్పారు. సవరలో అన్నవి ఎవరికీ అర్థం కాలేదు, అతని మొహం చూసి ఊహించుకున్నాం. ఆరేళ్లుగా అతనితో ఆడుతున్నా, అతని భాషను అంతసేపు విన్నది అప్పుడే.

ఇక లోపాలు. ఊపిరి దాడి తిరిగి రావాలంటే డ్రాగన్ ప్రతి టర్న్ (వంతు) మొదట్లో ఆరు ముఖాల పాచిక మీద 5 గానీ 6 గానీ పడాలి. ఒకసారి వరసగా రెండు టర్న్‌లు పడి జట్టు కుప్పకూలింది, ఇంకోసారి నాలుగు రౌండ్లదాకా పడలేదు. ఇప్పుడు పాచిక పడిన వెంటనే గొంతు ఉబ్బడం, నీటి మీద నురగ రావడం వర్ణిస్తాను. కాస్త టెన్షన్ పుడుతుంది, పారిపోవడానికి ఆలోచన వస్తుంది. రంగు చూడగానే గుణం తెలిసిపోవడం నాకు అస్సలు నచ్చని విషయం. ఎర్రదంటే నిప్పు, చెడ్డది అని అందరికీ తెలుసు. అందుకే నేను రంగు చెప్పను, వాసన చెబుతాను. తెల్ల డ్రాగన్‌కు మా వైపు ఇల్లు దొరకలేదు, దారింగబాడి చలికి తీసుకెళ్లి చూశాను, కుదరలేదు.

2025లో మాన్‌స్టర్ మాన్యువల్ కొత్తగా వచ్చింది. అందులో డ్రాగన్ కాటు, గోళ్లు విడివిడిగా లేవు, ఒకే దాడి పేరు కింద కలిపేశారు. వంతుల వరసలో ఇరవయ్యో అంకె దగ్గర వచ్చే లెయిర్ యాక్షన్లు, అంటే డ్రాగన్ స్థావరం తానే చేసే పనులు, తీసేశారు. స్థావరంలో ఉంటే లెజెండరీ రెసిస్టెన్స్ (తప్పిన సేవింగ్ త్రోను నెగ్గినట్టు మార్చుకునే అవకాశం) ఒకటి ఎక్కువ వస్తుంది. నడపడం తేలికైంది, నాలుగుసార్లు ఆడి చూశాను, లెక్కలు తొందరగా తెములుతున్నాయి. అయినా ఇల్లు తన టర్న్‌లో తాను కదిలే ఆ పాత పద్ధతే నాకు ఇష్టం. గట్టు తెగడం, నీళ్లు పెరగడం అన్నీ అందులోకి వచ్చేవి. కాబట్టి అంకెలు కొత్తవాటిలోంచి తీసుకుంటున్నాను, ఇరవయ్యో అంకె దగ్గర మాత్రం ఇంటికి ఒక వంతు ఇస్తున్నాను.

కొత్తగా ఆట నడపబోయేవాళ్లు ఐదో లెవెల్ జట్టుతో, పడుచు నల్ల డ్రాగన్‌తో మొదలుపెట్టండి. వరి గట్టు గీసుకోండి, రెండు వైపులా మోకాలి లోతు నీళ్లు పెట్టండి. క్యాలెండర్‌లో నాగులచవితి ఎప్పుడో ఒకసారి చూసుకోండి.